పాత వెర్షన్లకు గడువు పెట్టేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

పైథాన్ లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) బాధ్యత నీ చేతికి వచ్చి నెల తిరగకముందే రెండు వైపుల నుంచీ ఒత్తిడి మొదలైందని రాశావు. ఒకరు కొత్త సింటాక్స్ అయిన మ్యాచ్ స్టేట్‌మెంట్‌తో చక్కటి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపితే అది పైథాన్ 3.9 మీద టెస్టుల్లో ఫెయిలయింది. మరొకరు తమ సర్వర్లలో ఇప్పటికీ 3.8 ఉందనీ, దాన్ని వదలవద్దనీ వేడుకున్నారు. ఎవరి మాట వినాలని అడిగావు. ఇద్దరి మాటా ఓపికగా విను, కానీ నిర్ణయాన్ని ఆ ఇద్దరిలో ఎవరి మీదా ఆధారపడనీయకు. ఎవరు గట్టిగా అడిగితే వారి వైపు మొగ్గే ప్రాజెక్టులో ప్రతి రిలీజూ ఒక పంచాయితీ అవుతుంది. ఏ వెర్షన్‌ను ఎంతకాలం ఆదరిస్తామో ఒక నియమంగా ముందే రాసి పెట్టుకున్న ప్రాజెక్టులో ఆ పంచాయితీకి తావే ఉండదు.

ఒక వెర్షన్‌ను సపోర్ట్ చేస్తున్నామని రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) రాయడమంటే మాట ఇవ్వడమే. ప్రతి మార్పుకూ దాని మీద టెస్టులు నడపాలి, అక్కడ మాత్రమే కనిపించే బగ్‌ను కూడా సరిచేయాలి, దాని మీద పనిచేసే డిపెండెన్సీలు (మన కోడ్ ఆధారపడే ఇతర లైబ్రరీలు) ఎప్పుడూ దొరుకుతూ ఉండాలి. కొత్తగా వచ్చినవారు ఈ భారమంతా సింటాక్స్‌లోనే ఉందనుకుంటారు. నిజానికి అన్నిటికన్నా తేలికైన భాగం అదే, ఎందుకంటే పాత ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను నడిపే పైథాన్ ప్రోగ్రామ్) మొదటి క్షణంలోనే అరిచి చెబుతుంది. టైమ్ జోన్ల కోసం జోన్‌ఇన్ఫో మాడ్యూల్ 3.9లో వచ్చింది, టోమల్ అనే సెట్టింగుల ఫైళ్లు చదివే టోమల్‌లిబ్ 3.11లో వచ్చింది. అంతకు ముందటి వెర్షన్ల కోసం ఇలాంటి ప్రతిదానికీ ఒక ట్రై, ఒక ఇంపోర్ట్ ఎర్రర్, ఒక బ్యాక్‌పోర్ట్ ప్యాకేజీ (కొత్త మాడ్యూల్‌ను పాత వెర్షన్‌కు అందించేది) చొప్పున కోడ్‌లో పేరుకుంటాయి. వీటిని కూడా భరించవచ్చు. అసలు నడుము విరిచేవి డిపెండెన్సీలు. నువ్వు ఆధారపడిన లైబ్రరీలు 3.8ను వదిలేసిన రోజు నుంచి, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ఆ పైథాన్ ఉన్నవారికి ఆ లైబ్రరీల పాత రిలీజులను, మిగతావారికి కొత్త రిలీజులను అందిస్తుంది. అప్పుడు నీ కోడ్ రెండు వేర్వేరు ప్రపంచాల్లో సరిగ్గా నడవాలి, ఆ రెండింటినీ నువ్వే పరీక్షించాలి.

ఇక నియమం ఎలా ఉండాలనేది. పైథాన్ బృందమే ఇందుకు ఒక క్యాలెండర్ ఇచ్చింది. 3.9 నుంచి ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వస్తోంది, ప్రతిదానికీ సుమారు 5 ఏళ్లపాటు మద్దతు ఉంటుంది. ఆ లెక్కన 3.8 గడువు 2024 అక్టోబరులో, 3.9 గడువు 2025 అక్టోబరులో ముగిశాయి. సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు ఇంకా బిగించి పట్టుకున్నాయి: సంఖ్యల లెక్కల లైబ్రరీ నంపై 2019లో తెచ్చిన నెప్ 29 అనే విధానం ప్రకారం ఒక పైథాన్ వెర్షన్‌ను విడుదలైన 42 నెలల వరకు ఆదరిస్తే చాలు, తరువాత వచ్చిన స్పెక్ 0 దాన్ని 3 ఏళ్లకు కుదించింది. గో భాష బృందమైతే చివరి రెండు ప్రధాన రిలీజులను మాత్రమే చూసుకుంటుంది. నీలాగా ఇద్దరు ముగ్గురు ఖాళీ వేళల్లో నడిపే లైబ్రరీకి నేను సూచించేది మొదటిదే: పైథాన్ బృందం వదిలేసిన తరువాత వచ్చే మొదటి ఫీచర్ రిలీజులో మనమూ వదిలేస్తాం అని ఒక్క వాక్యం రాయి. భాషను తయారుచేసినవారే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపేసిన ఇంటర్‌ప్రెటర్‌ను జీతం లేని నువ్వు మోయడం నాకు న్యాయంగా కనిపించదు.

ఈ మాటకు ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. మా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంకా మద్దతు ఉంది కదా, అందులోని పైథాన్‌ను మీరెందుకు వదులుతారు అని అడుగుతారు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో సిస్టమ్ కోసం ఉంచిన పైథాన్ 3.6 అన్న మాట నిజమే, ఆ సిస్టమ్‌కు 2029 వరకు మద్దతు ఉన్నదీ నిజమే. అయితే ఆ 3.6కు ప్యాచ్‌లు రాసేది డబ్బు తీసుకుని ఆ పని చేస్తున్న సంస్థ, పైగా అది సిస్టమ్ సొంత పనిముట్ల కోసం ఉంచినది. అదే సిస్టమ్‌లో 3.11, 3.12 కూడా ప్యాకేజీలుగా దొరుకుతాయి. అడిగినవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మర్యాదగా చెబితే సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి.

వదలడం ఎంత హుందాగా జరగవచ్చో చూడాలంటే పైథాన్ 2.7 చరిత్ర చూడు. 2010 జులైలో విడుదలైన ఆ వెర్షన్‌కు మొదట 2015 వరకే గడువు అన్నారు, జనం సిద్ధంగా లేరని 2014లో దాన్ని 2020కి పొడిగించారు. పొడిగించడం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు (నా మట్టుకు నాకు ఆ అయిదేళ్లూ పెద్ద భారమే), కానీ తేదీ ఖాయమయ్యాక ప్రాజెక్టులన్నీ తమ లెక్కలు తాము వేసుకోగలిగాయి. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో బృందం 2017 ఏప్రిల్‌లో వచ్చిన 1.11ను పైథాన్ 2 మీద నడిచే చివరి రిలీజుగా ప్రకటించి, దాన్నే దీర్ఘకాల మద్దతు రిలీజుగా చేసి, 2020 ఏప్రిల్ వరకు సెక్యూరిటీ సవరణలు ఇచ్చింది. 2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0 మాత్రం పైథాన్ 3ను మాత్రమే అంగీకరించింది. పాతవారికి మూడేళ్ల సమయం దొరికింది, కొత్త కోడ్‌కు పాత బంధనాలు తెగిపోయాయి. నీది చిన్న లైబ్రరీ కాబట్టి మూడేళ్లు అక్కరలేదు. చివరి రిలీజు నుంచి ఒక బ్రాంచ్ (కోడ్‌లో విడిగా సాగే శాఖ) తీసి, సెక్యూరిటీ లోపం ఏదైనా బయటపడితే ఆరు నెలలపాటు అక్కడ సరిచేస్తామని చెబితే చాలు. ఆరు నెలలు కుదరదనుకుంటే అసలు ఏమీ చెప్పకు.

ఇప్పుడు నా చేతులు కాలిన చోటు చెబుతాను, శ్రద్ధగా చదువు. నేను చూసుకుంటున్న ఒక లైబ్రరీలో 3.5ను వదిలేయాలని నిర్ణయించి, కోడ్ అంతా ఎఫ్-స్ట్రింగులకు (టెక్స్ట్ మధ్యలో విలువలు పొదిగే సింటాక్స్) మార్చాను. అవి 3.6లో వచ్చాయి. రీడ్‌మీ సవరించాను, చేంజ్‌లాగ్‌లో రాశాను, ప్యాకేజీ క్లాసిఫైయర్ల (ప్యాకేజీ వివరాలు చెప్పే ట్యాగుల) నుంచి 3.5ను తొలగించాను. ఏ పైథాన్ కావాలో చెప్పే రిక్వైర్స్-పైథాన్ అనే ఒక్క లైను మాత్రం 3.5 లేదా అంతకన్నా ఎక్కువ అనే పాత మాటతోనే ఉండిపోయింది. పిప్ చూసేది ఆ లైనునే, క్లాసిఫైయర్లు మనుషులు చదువుకోవడానికి మాత్రమే. తెల్లవారేసరికి 3.5 వాడేవారి దగ్గర ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ ఎర్రర్. నేను కంగారుగా లైను సరిదిద్ది ఇంకో రిలీజు చేసి ఊపిరి పీల్చుకున్నాను. ఫిర్యాదులు ఆగలేదు. ఎందుకో అర్థం కావడానికి గంటసేపు పట్టింది: సరిదిద్దిన కొత్త రిలీజు తమకు పనికిరాదని 3.5 మీది పిప్ సరిగ్గానే గ్రహించి, ఒక అడుగు వెనక్కి వేసి, తమకు సరిపోతుందని తప్పుగా రాసి ఉన్న ఆ చెడ్డ రిలీజునే మళ్లీ తెచ్చుకుంటోంది. ఒకసారి అప్‌లోడ్ చేసిన ఫైలు మెటాడేటాను మార్చడానికి వీలు లేదు. చివరికి ఆ చెడ్డ రిలీజును యాంక్ చేశాకే, అంటే ఎవరైనా పేరుపెట్టి సరిగ్గా ఆ నంబరునే కోరితే తప్ప పిప్ దాన్ని ఎంచుకోకుండా చేశాకే, పరిస్థితి కుదుటపడింది.

ఆ రోజు నుంచి నేను పాటించే పద్ధతి ఒకటుంది. వదిలే రిలీజులో ఆ ఒక్క లైను, దానితోపాటు టెస్టుల జాబితా మాత్రమే మారుస్తాను, కోడ్‌లోని పాత సర్దుబాట్లను ముట్టుకోను. ఎవరికైనా ఊహించని ఇబ్బంది వస్తే ఒక్క లైను వెనక్కి తిప్పి మళ్లీ రిలీజు చేయవచ్చు. అంతా నిమ్మళించాక, తరువాతి రిలీజులో పాత కోడ్‌ను కొత్త సింటాక్స్‌కు మార్చే పైఅప్‌గ్రేడ్ లాంటి పనిముట్టుతో చెత్త ఊడ్చేస్తాను. నువ్వూ అలాగే చేయి. ఇంకొక మాట: అదే లైనులో 4 కన్నా తక్కువ అని పై హద్దు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఆ హద్దు దాటిన పైథాన్ మీద పిప్ ఆగిపోయి లోపం చెప్పదు, హద్దు లేని నీ పాత రిలీజు ఏదైనా దొరికేదాకా వెనక్కి తవ్వుకుంటూ పోతుంది.

టెస్టుల విషయంలో ఎక్కువ చెప్పను. అన్నిటికన్నా పాత వెర్షన్, అన్నిటికన్నా కొత్త వెర్షన్ ప్రతి మార్పుకూ నడవాలి, మధ్యవి రోజుకొకసారి నడిచినా నష్టం లేదు. పాత వెర్షన్ మీద డిపెండెన్సీల కనీస వెర్షన్లను కూడా ఒకసారి నడిపి చూడు, నువ్వు రాసుకున్న కనీస హద్దుల్లో ఏవో కొన్ని అబద్ధాలని తేలుతుంది. సీఐ (టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ) వాడే యామల్ సెట్టింగుల ఫైలులో వెర్షన్ నంబర్లకు కొటేషన్ గుర్తులు తప్పనిసరిగా పెట్టు, లేకపోతే 3.10ను దశాంశ సంఖ్యగా చదివి 3.1 అంటుంది. పాత వెర్షన్ కోసం తయారుచేసినదాన్ని ఆ పాత వెర్షన్ మీదే నడిపి చూడాలన్న సూత్రం పైథాన్‌కే పరిమితం కాదు. జావా 9 కంపైలర్‌కు సోర్స్, టార్గెట్ రెండూ 8 అని చెప్పి కట్టిన ప్రోగ్రామ్ జావా 8 మీద బైట్‌బఫర్ ఫ్లిప్ మెథడ్ దగ్గర కూలిపోవడం ఎంతోమంది చూశారు. ఆ మెథడ్ తిరిగి ఇచ్చే టైపు 9లో మారింది, కంపైలర్ తన కొత్త లైబ్రరీని చూసి కోడ్ రాసింది. రిలీజ్ అనే ఆప్షన్‌తో 8 అని చెబితే ఆ తప్పు జరగదు. కంపైల్ అయిందన్న ధైర్యంతో రిలీజు చేసినవారే అక్కడ దొరికిపోయారు.

నీ ఎదుట ఉన్న రెండు విన్నపాల సంగతికి వస్తాను. నియమం రాసిన క్షణమే 3.8, 3.9 రెండూ దాని పరిధి దాటినట్టే, కనుక వచ్చే ఫీచర్ రిలీజుతో కనీస వెర్షన్ 3.10 అవుతుంది, మ్యాచ్ స్టేట్‌మెంట్ వచ్చింది కూడా 3.10లోనే. ఈ మార్పును బగ్‌ఫిక్స్ రిలీజులో మాత్రం దూర్చకు, ఆ నంబరు చూసి ఎవరూ ఇలాంటి మార్పును ఊహించరు. ప్యాచ్ పంపినవారికి ఆ రిలీజు తరువాత కలుపుతామని చెప్పి, అప్పటిదాకా తెరిచే ఉంచు. ఇఫ్ ఎల్స్‌లతో తిరగరాయమని అడిగి వారి ఉత్సాహం చంపకు. 3.8 వాడేవారికి ఇలా రాయి: ప్రస్తుత రిలీజు ఎక్కడికీ పోదు, మీ పిప్ దాన్నే తెచ్చుకుంటూ ఉంటుంది, మీరు ఏమీ మార్చనవసరం లేదు, కొత్త ఫీచర్లు మాత్రం 3.10 నుంచే. ఎవరైనా పాత బ్రాంచ్‌ను తామే చూసుకుంటామని ముందుకు వస్తే సంతోషంగా అప్పగించు, కానీ టెస్టులు నడిపే పని కూడా వారిదేనని స్పష్టంగా చెప్పు. 3.10 గడువు 2026 అక్టోబరులో తీరుతుంది కాబట్టి ఆ తేదీని కూడా ఇప్పుడే రీడ్‌మీలో రాసి పెట్టు. రిలీజు చేసే ముందు రిక్వైర్స్-పైథాన్ లైను మార్చావో లేదో ఒకసారి నాకు చూపించు.

ఆశీస్సులతో,
నీ పాత మెయింటెయినర్