కణత్వచం, కణకవచం – రెండింటినీ పొర అనవచ్చా?

సందేహం: ఇంటి దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుగు మీడియంలో సైన్సు చెబుతున్నాను. ‘కణత్వచం’, ‘కణకవచం’ అనే మాటల దగ్గర పిల్లలు తికమక పడుతున్నారు. రెండింటినీ ‘పొర’ అనేస్తే తప్పా? ‘కణపొర’ దుష్టసమాసం అని ఒక పెద్దాయన అన్నారు, నిజమేనా? మైటోకాండ్రియాకి ‘కణశక్తాగారం’ అని రాయాలా, ‘కణశక్త్యాగారం’ అని రాయాలా? ‘మైటోకాండ్రియాలు’ అనే బహువచనం సరైనదేనా?

సమాధానం: కణత్వచాన్ని పొర అనండి, ఏ ఇబ్బందీ లేదు. కణకవచాన్ని మాత్రం అనకండి. కణత్వచం (సెల్ మెంబ్రేన్) కణం చుట్టూ ఉండే పలచని పొర, కణకవచం (సెల్ వాల్) దాని బయట ఉండే గోడ. ఆ రెండూ వేరు వేరు వస్తువులు, చేసే పనులూ వేరు.

సంస్కృతంలో త్వక్కు, త్వచం అంటే చర్మం. తాకితే తెలిసే ఇంద్రియాన్ని త్వగింద్రియం అంటున్నాం కదా. ఆ మాటకే చెట్టు బెరడు అనే అర్థం కూడా ఉంది. ఆయుర్వేదంలో దాల్చినచెక్క పేరు త్వక్. బెరడు అనే అర్థాన్నే పట్టుకుని ఉంటే ఈ మాట మొక్కల కణాల బయటి గోడకు అతికేది. పరిభాష కూర్చినవాళ్లు చర్మం అనే అర్థాన్ని తీసుకున్నారు. నా దృష్టిలో అది మంచి ఎంపిక. కణత్వచం లేని కణం లేదు. బాక్టీరియాకీ ఉంటుంది, మన మెదడులోని కణానికీ ఉంటుంది. కొవ్వు పదార్థాలు, ప్రోటీన్లు కలిసి ఏర్పడిన ఈ పొర మందం సుమారు 7–8 నానోమీటర్లు. దేన్ని లోపలికి రానివ్వాలి, దేన్ని బయటే ఆపాలి అన్నది చూసేది ఇదే. ఇన్సులిన్ లాంటి హార్మోను వచ్చి తగిలితే లోపలికి కబురు అందించే ప్రోటీన్లు కూడా దీనిమీదే ఉంటాయి. తాకినది తెలుసుకునే చర్మం పేరు దీనికి పెట్టడం అందుకే నప్పింది.

కవచం సంగతి వేరు. మొక్కల్లో ఇది సెల్యులోజుతోనూ శిలీంధ్రాల్లో కైటిన్‌తోనూ తయారవుతుంది. చాలా బాక్టీరియాల్లోనూ ఉంటుంది. జంతుకణాలకు ఉండదు. నీటినీ చిన్న చిన్న పదార్థాలనూ ఇది పెద్దగా అడ్డుకోదు, ఎంపిక చేసే పని దీనిది కాదు. కణానికి బిగువునిచ్చి, పగిలిపోకుండా కాయడమే దీని పని. ఎర్రరక్తకణాన్ని ఉత్త నీళ్లలో వేస్తే నీరు లోపలికి చేరి, ఉబ్బి, పగిలిపోతుంది. సెలైన్ సీసాలో 0.9 శాతం ఉప్పు ఉండటానికి కారణం అదే. ఉల్లిపాయ కణాన్ని అవే నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది గానీ పగలదు. కవచం అడ్డుపడుతుంది. కర్ణుడి సహజకవచం లాగా దీన్ని బయటినుంచి ఎవరో తెచ్చి తొడగలేదు, కణమే తన చుట్టూ తాను కట్టుకుంటుంది.

ఈ రెండు మాటలూ తారుమారైతే ఎంత నష్టమో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: ‘పెనిసిలిన్ బాక్టీరియా కణకవచం తయారు కాకుండా అడ్డుకుంటుంది.’ మన కణాలకు కవచం లేదు కాబట్టి ఆ దెబ్బ బాక్టీరియాకే తగులుతుంది, మనకు తగలదు. ఇక్కడ ‘కణపొర’ అని రాశామా, మందు మన కణాలనూ చంపాలి కదా అని తెలివైన పిల్లవాడు నిలదీస్తాడు. వాడు అడగడం న్యాయమే.

పొర అనే మాటతో ఇంకో చిక్కు ఉంది. మైక్రోస్కోపు కింద పిల్లలు మొదట చూసేది ఉల్లిపొర. అది వందల కణాలు పక్కపక్కన పరుచుకున్న పొర. ముక్కులోని శ్లేష్మపొర కూడా అలాంటిదే. అంటే మన వాడుకలో పొర కణాల వరస కూడా అవుతుంది. ఉల్లిపొరలో గీతల్లా కనిపించేవి కవచాలు. త్వచం మామూలు మైక్రోస్కోపుకి విడిగా అందనంత పలచన. అయితే రియో అనే ఊదారంగు ఆకుల మొక్క ఆకు పొరని ఉప్పునీళ్లలో పెట్టి చూపించండి. నీరు బయటికి పోయి, రంగున్న లోపలి భాగం ముడుచుకుని కవచాన్ని వదిలేసి దూరం జరుగుతుంది. ఆ ముడుచుకున్న ముద్ద అంచు త్వచం, కదలకుండా నిలబడ్డ చట్రం కవచం. నిర్వచనం బట్టీ పెట్టించే కన్నా ఇది మేలు.

ఇక దుష్టసమాసం మాట. సంస్కృతపదం, తెలుగుపదం కలిపితే చాలు తప్పు అనేవాళ్లు బాలవ్యాకరణం తిరగేయాలి. చిన్నయసూరి సమాసాల్లో సాంస్కృతికం (సంస్కృతపదాలది), ఆచ్ఛికం (తెలుగుపదాలది), మిశ్రం (రెండూ కలిసింది) అని మూడు రకాలు చెప్పారు. మిశ్రం ఆయన ఒప్పుకున్నదే. రక్తపోటుకి అభ్యంతరం చెప్పని పెద్దలు కణపొర దగ్గర ముఖం చిట్లించడం ఎందుకో! అలాగే కణకవచం పిల్లలకు బరువనిపిస్తే ‘కణం గోడ’ అనండి, హాయిగా ఉంటుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయించండి, మార్కుల టెన్షన్ ఉండదు.

శక్తి + ఆగారం = శక్త్యాగారం. యణాదేశసంధి, కాబట్టి యకారం ఉండాలి. ‘శక్తాగారం’ తప్పు. రూపం సరైనదే గానీ ఈ మాట మీద నాకు వేరే ఫిర్యాదు ఉంది. ధాన్యాగారం, ఆయుధాగారం విన్న చెవికి ఆగారం అంటే దాచిపెట్టే చోటు. ఇంగ్లీషులో మైటోకాండ్రియాని పవర్‌హౌస్ అంటారు, అంటే కరెంటు పుట్టే చోటు. మైటోకాండ్రియా శక్తిని దాచదు. ఆహారం నుంచి వచ్చిన పదార్థాలను ఆక్సిజన్ సాయంతో విడగొట్టి, ఏటీపీ అనే రూపంలో శక్తిని అందిస్తుంది. ఆ ఏటీపీ వెంటవెంటనే ఖర్చైపోతుంది. ‘మైటోకాండ్రియా శక్తిని నిల్వ చేస్తుంది’ అని పిల్లలు రాస్తే సగం నేరం ఈ మాటదే. ‘శక్తి ఉత్పత్తి కేంద్రం’ అని పక్కనే చెప్పండి. కణంలో సంచిలా ఉండే రిక్తికకీ (వాక్యూల్) ఇదే తంటా. రిక్తం అంటే ఖాళీ. మొక్క కణంలోని పెద్ద రిక్తికేమో నిండా రసంతో ఉంటుంది.

చివరిది బహువచనం. కార్ల్ బెండా 1898లో గ్రీకు మాటలతో ఈ పేరు పెట్టాడు. దారం, రేణువు అని వాటి అర్థం. ఇంగ్లీషులో ‘మైటోకాండ్రియాన్’ ఏకవచనం, ‘మైటోకాండ్రియా’ బహువచనం. ఆ భేదం మనం మోయనక్కర్లేదు. అరువు తెచ్చుకున్న మాట మన వ్యాకరణం ప్రకారమే నడుస్తుంది, బాక్టీరియాకి ‘లు’ చేర్చుకోలేదా? ‘మైటోకాండ్రియా’ అని ఒకదానికి, ‘మైటోకాండ్రియాలు’ అని ఎక్కువైనప్పుడు వాడండి, క్రియను కూడా దానికి తగ్గట్టే మార్చండి. బోర్డు మీద రాయడానికి ఒక వాక్యం: కాలేయకణంలో మైటోకాండ్రియాలు వందల్లో, వేలల్లో ఉంటాయి, మనిషి రక్తంలో తిరిగే పక్వమైన ఎర్రరక్తకణంలో ఒక్క మైటోకాండ్రియా కూడా ఉండదు.