వైజయంతి వసంత మొగ్లి ఎవరు, ఆమె వేసిన కేసు వల్ల ఏం మారింది?

హైదరాబాద్‌కు చెందిన ట్రాన్స్ హక్కుల కార్యకర్త. ఆమె పేరు చట్టంలో నిలిచిపోయేది మాత్రం ఒక పాత చట్టాన్ని సవాలు చేస్తూ 2018లో హైకోర్టులో వేసిన పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వల్లే.

నిజాం కాలంలో, 1919లో (అప్పటి ఫసలీ క్యాలెండర్‌లో 1329) వచ్చిన నపుంసకుల చట్టం ఒకటి మొన్నమొన్నటిదాకా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. పిల్లల్ని ఎత్తుకెళ్తారనే అనుమానం పేరు చెప్పి హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కించేవారు, అలా పేరు ఎక్కినవాళ్లు చీరకట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, బయట పాటకో ఆటకో దిగినా వారెంట్ లేకుండానే పట్టుకెళ్లొచ్చు, రెండేళ్ల దాకా జైలు. అంటే నేరం చేయక్కర్లేదు, ముస్తాబైతే చాలు!

2014లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు హక్కులున్నాయని తేల్చి చెప్పాక కూడా ఈ చట్టం రద్దు కాలేదు. చివరికి మొగ్లి వేసిన పిల్ మీదే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించేది వేరే: చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్లు, ఆసరా పెన్షన్ కూడా ఇవ్వాలని కోర్టు అదే తీర్పులో చెప్పింది. కొట్టేయడం ఒక్క రోజు పని, అమలు చేయించుకోవడానికి మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.