ఆపితే బాగయ్యే ఫ్రిజ్‌కు గ్యాస్ ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. ఆరేళ్ల కిందట కొన్న 260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్. పైన ఐస్ బాగానే కడుతోంది. కింద మాత్రం పాలు విరిగిపోతున్నాయి, పెరుగు పుల్లబడుతోంది. ఒక రోజంతా ఆపి, తలుపులు తీసిపెట్టి మళ్లీ వేస్తే పది రోజులు చక్కగా ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ మామూలే. మెకానిక్ గ్యాస్ నింపాలంటున్నాడు. నింపించమంటారా?
— ఒక గృహిణి

జవాబు: అప్పుడే వద్దమ్మా. పోయిన గ్యాస్ ఒక రోజు ఆపితే తిరిగిరాదు. ఆపితే కరిగేది మంచు ఒక్కటే. మీరు చెప్పిన ఆ పది రోజుల లెక్కలోనే రోగం తెలుస్తోంది.

మీ ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కాయిల్ దగ్గర. ఫ్యాన్ ఆ చల్లగాలిని కిందికి తోస్తుంది. కంప్రెసర్ సుమారు 8 నుంచి 12 గంటలు నడిచాక టైమర్ దాన్ని ఆపి, హీటర్‌కు కరెంటు ఇచ్చి కాయిల్ మీది మంచు కరిగిస్తుంది. ఇది జరగకపోతే మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది. ఫ్రీజర్ కాయిల్ పక్కనే ఉంది కాబట్టి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. ముందు దెబ్బ తగిలేది కింది అరలకే.

ఈసారి కింద చల్లదనం తగ్గగానే, మంచు కరగనివ్వకుండా, ప్లగ్ పీకి వెనక పలక విప్పించండి. కాయిల్ అంతా తెల్లగా గోడలా పూడిపోయి ఉంటే డీఫ్రాస్ట్, అంటే మంచు కరిగించే ఏర్పాటు, లోపమే. ఒక చివర రెండు మూడు వరసలకే మంచు పట్టి మిగతాది బోసిగా ఉంటే మెకానిక్ మాట వినొచ్చు. మంచు పలచగా, సమంగా ఉంటే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. మంచును మాత్రం కత్తితో పొడవనివ్వకండి. అల్యూమినియం గొట్టానికి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

డీఫ్రాస్ట్ లోపమని తేలితే, ప్లగ్ తీసే ఉంచి మల్టీమీటర్‌తో మూడు భాగాలు చూడాలి. హీటర్ 150 వాట్లదైతే దాదాపు 350 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగినట్టే. హీటర్ మరీ వేడెక్కితే తెగిపోయే ఫ్యూజ్ ఒకటి ఉంటుంది, అందులో తెగుదల ఉండకూడదు. మూడోది బైమెటల్, అంటే చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండి, వేడెక్కితే విడిపోయి హీటర్‌ను ఆపే చిన్న స్విచ్. చాలామంది పొరబడేది ఇక్కడే. దాన్ని మంచులో ఉండగానే పరీక్షించాలి. గది వేడికి మంచి బైమెటల్ కూడా తెగినట్టే చూపిస్తుంది, బాగున్నదాన్ని అనవసరంగా మార్చేస్తారు.

మూడూ బాగుంటే తప్పు టైమర్‌దే కావచ్చు. ఫ్రిజ్ నడుస్తుండగా దాని గాడిని స్క్రూడ్రైవర్‌తో కుడివైపుకు టక్కుమనేదాకా మెల్లగా తిప్పాలి. కంప్రెసర్ ఆగి హీటర్ వేడెక్కిందంటే, టైమర్ తనంతట తాను కదలడం లేదన్నమాట. అదొక్కటే మార్పిస్తే చాలు. ఎలక్ట్రానిక్ బోర్డున్న మోడళ్లలో ఈ టైమర్ ఉండదు. అక్కడ సెన్సర్‌నూ బోర్డునూ చూడాలి.

మీది సముద్రానికి దగ్గర ఊరు, గాలిలో తేమ ఎక్కువ. తలుపు రబ్బరులో సందుంటే ఆ తేమంతా కాయిల్ మీద మంచవుతుంది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి, నాలుగు వైపులా లాగి చూడండి. ఎక్కడైనా సులువుగా జారి వచ్చేస్తే రబ్బరూ మార్పించండి.