డగ్లస్ ‘అతడా’, ‘ఆయనా’?

సందేహం: అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వాన్ని ఎదిరించిన ఫ్రెడరిక్ డగ్లస్ జీవితకథను పిల్లల కోసం రాస్తున్నాను. బానిసగా ఉన్నంతకాలం ‘అతడు పారిపోయాడు’ అనీ, పేరొచ్చాక ‘ఆయన ప్రసంగించారు’ అనీ రాశాను. యజమాని థామస్ ఆల్డ్‌ను మొదటినుంచీ ‘ఆయన’ అన్నాను. ఇది సరైన పద్ధతేనా? డగ్లస్ తర్వాత ఆ యజమానికి రాసిన ఉత్తరంలో ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా?

సమాధానం: ‘అతడు’ అనడం తప్పు కాదు. రాముడు అడవికి వెళ్లాడనే అంటాం, కృష్ణదేవరాయలు రాజ్యం చేశాడనే చదువుకున్నాం. అందులో అగౌరవం ఎవరికీ తోచదు. ఒకే పేజీలో ఒకరు ‘అతడు’, పక్కనున్నవారు ‘ఆయన’ అయినప్పుడే తేడా కొడుతుంది. మీ పుస్తకంలో యజమాని పెద్దమనిషిగానూ బానిస తక్కువవాడిగానూ పిల్లల మనసులో పడిపోతారు. అలా రాయమని ఏ వ్యాకరణమూ చెప్పలేదు.

థామస్ ఆల్డ్ కంటే ముందటి యజమాని చనిపోయి ఆస్తి పంపకాలు వచ్చినప్పుడు పసివాడైన ఫ్రెడరిక్‌ను బాల్టిమోర్ నుంచి పిలిపించారు. ఆడా మగా, ముసలీ ముతకా అందరినీ గుర్రాలు, గొర్రెలు, పందులతో కలిపి వెల కట్టారు. 1845లో వచ్చిన ఆత్మకథలో డగ్లసే ఈ సంగతి రాసుకున్నారు. అలాంటి మనిషికి స్వేచ్ఛ వచ్చేదాకా మర్యాద వాయిదా వేయడం నాకు బొత్తిగా నచ్చదు. 1838 సెప్టెంబరు 3న నావికుడి వేషంలో బాల్టిమోర్‌లో రైలెక్కిన మనిషే 1847లో రాచెస్టర్‌లో ‘నార్త్ స్టార్’ పత్రిక పెట్టారు. కథంతా ‘ఆయన’ అనండి, లేదా యజమానితో సహా అందరినీ ‘అతడు’ అనండి.

సంభాషణల్లో మాత్రం మర్యాద అతికించకండి. సోఫియా ఆల్డ్ ఆ పిల్లాడికి అక్షరాలు నేర్పుతుంటే ఆమె భర్త, థామస్ సోదరుడు హ్యూ అడ్డుపడ్డాడు. చదువొస్తే ఇక బానిసగా పనికిరాడన్నది అతని వాదన. అక్కడ ‘వాడికి చదువు చెప్పకు’ అనే రాయాలి. ‘వారికి’ అంటే ఆ కాలపు క్రూరత్వాన్ని దాచిపెట్టినట్టే.

మీరు అడగలేదు కానీ ఇంకొకటి. పారిపోవడానికి డబ్బు సాయం చేసిన ఆనా మర్రే తర్వాత డగ్లస్ భార్య అయ్యారు. మనవాళ్లు చాలామంది ‘ఆయన వెళ్లారు, ఆమె వెళ్లింది’ అని రాసేస్తారు. స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తులాగే, అంటే పశువులను, వస్తువులను చెప్పే మాటల్లాగే నడుస్తుంది కాబట్టి ‘అమ్మ వచ్చింది’ అనడం తప్పు కాదు, ప్రేమైన మాటే. అయినా భర్తకు ‘రు’ పెట్టినప్పుడు భార్యకూ పెట్టాలి. 1848లో సెనెకా ఫాల్స్ సభలో ఆడవాళ్ల ఓటుహక్కు కోసం గట్టిగా నిలబడిన మనిషి కథ కదా ఇది!

ఇక ఉత్తరం సంగతి. పారిపోయి పదేళ్లయిన సందర్భంగా, 1848లో రాశారు. కోపం చూస్తే ‘నువ్వు’ అనాలనిపిస్తుంది. కానీ డగ్లస్ ‘సర్’ అనే సంబోధనతో మొదలుపెట్టారు. వ్యక్తిగతంగా మీమీద పగ లేదు, నా ఇంటికంటే మీకు క్షేమమైన చోటు ఉండదు అనీ చెప్పారు. కాబట్టి ‘మీరు’ అనే రాయండి. చివరి వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘నేను మీ సాటి మనిషిని, మీ బానిసను మాత్రం కాను.’