మాడిన గింజా, కాలిన గింజా?

సందేహం: మా ప్రకాశం జిల్లా పాటిదిబ్బల (పూర్వం ఊళ్లుండి పాడుబడ్డ మట్టిదిబ్బల) వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాం. మట్టిలో దొరికిన నల్లటి గింజల్ని 'కాలిన ధాన్యం' అంటున్నాం. 'కర్బనీకృత ధాన్యం' అనాలని ఒకరి పట్టు. ఏది సరి? దొరకని చోట 'లేవు' అంటే చాలునా?
– ఒక పాఠకురాలు, సంతనూతలపాడు

సమాధానం: 'మాడిన గింజలు' అనండి. ఇల్లు కాలిపోయింది అంటాం, అన్నం మాడింది అంటాం. పూర్తిగా కాలితే మిగిలేది బూడిదే. మాడినదానికి రూపు మిగులుతుంది. మీ చేతికొచ్చిన ఉలవ, పొయ్యిలో గాలి చాలక బొగ్గయింది. బొగ్గయింది గనకే కుళ్లకుండా నిలిచింది. ఇంత సంగతీ వంటింటి మాట ఒక్కటి చెబుతుంటే 'కర్బనీకృత' ఎందుకు? మాడని గింజ కనబడితే వేరే గడిలో రాయండి. అది మొన్న చీమలు లాక్కొచ్చినదై ఉండవచ్చు.

'ధాన్యం' మాత్రం అసలు వద్దు. మన వైపు ధాన్యమంటే వడ్లే. దక్షిణాది నవీన శిలాయుగపు ఊళ్లలో ముఖ్యంగా దొరికేవి ఉలవ, పెసర, అండుకొర్ర వంటివి. అవి ధాన్యం గడిలో పడితే వెతికేవారు వరి అనుకుంటారు. అలాగే ఉత్త 'బొగ్గు' అంటే నేలబొగ్గు కూడా అవుతుంది; 'కట్టెబొగ్గు' అని తేల్చండి.

ఇక 'లేవు'. ఇదే పెద్ద చిక్కు. వెతికినా దొరకలేదా, అసలు వెతకలేదా? ఈ మాట రెంటినీ కప్పేస్తుంది. 'దొరకలేదు', 'వెతకలేదు' అని రెండుగా విడగొట్టండి. 'దొరకలేదు' అన్నప్పుడు ఏ పొర మట్టి, ఎన్ని లీటర్లు, జల్లెడ కన్నం ఎంత అన్నవి పక్కనే ఉండాలి. 20 లీటర్ల మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన నలుసుల్ని పావు మిల్లీమీటరు జల్లెడలో పట్టి చూసి 'దొరకలేదు' అంటే అది సాక్ష్యం. మిల్లీమీటరు కన్నాలైతే సన్నటి కలుపు గింజలు జారిపోతాయి, అప్పుడా మాటకు బలం తగ్గుతుంది. పట్టిన నలుసుల్ని నీడన ఆరనివ్వండి. ఎండలో పెడితే పగిలి పొడవుతాయి.

'పాటిదిబ్బ' చక్కటి మాట, వదలకండి. నాడు నాటి అయినట్టే పాడు పాటి అయింది; మీ ఊరిపేరు చివరి పాడే 'నూతలపాటి' ఇంటిపేరులోనూ ఉంది. పాటిమన్నును రైతులు ఎరువుకని బళ్లకెత్తేవారు. అలా తవ్విన గుంటలో పొరలు కలిసిపోతాయి, పైపొర గింజ కిందికి చేరుతుంది. కాబట్టి నమూనా తీసిన చోటుకు పక్కన 'పాటిమన్ను తవ్విన గుంట: ఉంది / కనబడలేదు' అని ఇంకో గడి పెట్టండి.