కంపోస్టులో దొరికిన బ్యాక్టీరియా: పరిశోధనా, ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు కోసం కంపోస్టు కుప్ప నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద పెరిగే బ్యాక్టీరియాను వేరుచేసింది. 16ఎస్ పరీక్షలో (బ్యాక్టీరియాను గుర్తించడానికి 16ఎస్ అనే జన్యువును చదివే పరీక్ష) అది తెలిసిన జాతితో 98.1 శాతమే సరిపోలిందట. కొత్త జాతి కాబట్టి పరిశోధనకే వెళ్తానంటోంది. ఫార్మా ఉద్యోగం చూసుకోమని మేము అంటున్నాం. ఏది మేలు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్త జాతి కావచ్చని అనుమానిస్తారు కనుక మీ అమ్మాయి ఆశ నిరాధారం కాదు. అయితే ముందుగా ఆ సీక్వెన్సు (చదివిన డీఎన్‌ఏ అక్షరాల వరుస) పొడవు చూడాలి. 16ఎస్ జన్యువులో సుమారు 1,500 బేస్‌లు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు, ఉంటాయి. ఒకే ప్రైమర్‌తో (చదవడం ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ ముక్కతో) చేయిస్తే అందులో కొంత భాగమే వస్తుంది, దాని చివర్లలో దొర్లే తప్పులు కొత్తదనంలా కనిపిస్తాయి. పైగా వేడి కంపోస్టులో తరచుగా దొరికే జియోబ్యాసిల్లస్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) జాతులను 16ఎస్ ఒక్కదానితో విడదీయడం కష్టం. అందుకే మొత్తం జీనోమ్ (బ్యాక్టీరియా డీఎన్‌ఏ అంతా) చదివించి, దగ్గరి జాతుల టైప్ స్ట్రెయిన్లతో (ఆ జాతికి ప్రమాణంగా దాచిన కల్చర్లతో) పోల్చినప్పుడు సగటు న్యూక్లియోటైడ్ సామ్యం, అంటే రెండు జీనోమ్‌ల అక్షరాలు సరిపోలే శాతం, 95–96 శాతానికి తగ్గుతున్నదో లేదో చూస్తారు. తరువాత కొవ్వు ఆమ్లాలు, పెరిగే ఉష్ణోగ్రతల పరిధి వంటివి నమోదు చేసి, కల్చర్‌ను రెండు వేర్వేరు దేశాల్లోని సేకరణ కేంద్రాల్లో భద్రపరచి, వివరణ ప్రచురిస్తే తప్ప పేరు చెల్లదు. డిగ్రీ ప్రాజెక్టులో ఇదంతా తేలే పని కాదు.

ఇటువంటి పని మన నగరంలో జరగనిదేమీ కాదు. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ సేకరించిన పైవాతావరణపు గాలిలో దొరికిన మూడు కొత్త బ్యాక్టీరియా జాతులను ఇక్కడి సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2009లో వివరించారు. వాటిలో ఆర్యభట్ట పేరు పెట్టిన బ్యాసిల్లస్‌ను 2020లో జీనోమ్ పోలికల ఆధారంగా ప్రీస్టియా ప్రజాతిలోకి మార్చారు. అంటే ఈ రంగంలో నిలబడాలనుకునే విద్యార్థికి ప్లేటు మీద కాలనీలు గుర్తించడంతో పాటు కంప్యూటర్‌లో జీనోమ్‌లు పోల్చడమూ రావాలి. వర్గీకరణ ఒక్కదానికే ఉద్యోగాలు తక్కువ. దానికి ఎంజైముల పనినో బయోఇన్‌ఫర్మాటిక్స్‌నో (జీవ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం) జోడించుకోవాలి.

నా అభిప్రాయంలో ఎమ్మెస్సీ చేయించండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఆ తరువాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే పరిశోధన ఖర్చు మీ మీద పడదు. ఇంటి పరిస్థితి ఒప్పుకోకపోతే ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగమూ తప్పు కాదు. ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) సరిగా పనిచేసిందో లేదో అక్కడ తేల్చేది జియోబ్యాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ స్పోర్లే (వేడిని తట్టుకునే బీజాలే). 121 డిగ్రీల ఆవిరికి అవి చచ్చాయా అని చూడటానికి, వాటిని పూసిన స్ట్రిప్‌ను మళ్లీ 55–60 డిగ్రీల వద్ద ఇంక్యుబేట్ చేస్తారు, అంటే పెరుగుతాయేమోనని ఉంచుతారు. మీ అమ్మాయికి ఇప్పటికే అలవాటైన పని అది.

ఏ దారి ఎంచుకున్నా, కాలేజీ వదిలేలోపు ఆ కల్చర్‌ను గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల వద్ద దాచి, నమూనా తీసిన తేదీ, చోటు, కుప్ప లోపలి వేడి రాసిపెట్టమనండి. గైడు అనుమతితో ఇంకొక ప్రతిని వేరే ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉంచితే మరీ మంచిది.