పెళ్లి కార్డుకి ఇటాలిక్ సెరిఫ్ ఫాంటు ఎక్కడ నప్పుతుంది?

ఒంగోలులో స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తున్న పెళ్లి కార్డులో ఇంగ్లిషు వైపంతా కార్మొరాంట్ గారమండ్ అనే సెరిఫ్ ఫాంటు (గీతల కొసల్లో చిన్న అడ్డగీతలుండేది) వాలు రూపం, అంటే ఇటాలిక్‌లో, అన్నిటికన్నా సన్నని లైట్ రకం పెట్టారు, ప్రూఫ్‌లో (నమూనా ప్రింటులో) అక్షరాలు తెగిపోయాయి, తప్పు ఫాంటుదా ప్రెస్సుదా అని అడిగారు. రెండిటిదీ కాదు, సైజుది.

క్రిస్టియన్ థాల్మన్ ఆ ఫాంటుని పెద్ద సైజుల కోసమే గీశారు. చిన్న బడి అక్షరాలు పొట్టిగా, గీతలు నూలుపోగుల్లా ఉంటాయి. అందమంతా అందులోనే ఉంది. కానీ లైట్‌ని 12 పాయింట్లకు దించితే సన్న గీత 0.1 మి.మీ. దరిదాపులకు వస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో 0.2 మి.మీ. కంటే సన్నది నిలవడం కష్టం. ఇంకు దిగే జల్లెడ బట్ట (మెష్) దారం అడ్డుపడిన చోట ఇంకు దిగదు, గీత తెగుతుంది. గోల్డు ఇంకులో లోహపు పొడి ఉంటుంది కాబట్టి మరీ ఇబ్బంది.

వధూవరుల పేర్లకు ఈ ఇటాలిక్‌నే ఉంచండి: మీడియం, 30 పాయింట్లు. ముహూర్తం, వేదిక లైన్లకు 14 పాయింట్ల సెమీబోల్డ్ చాలు. లావు కోసం అక్షరం చుట్టూ ఔట్‌లైన్ మాత్రం ఇవ్వకండి. సన్న గీతతో పాటు లావు గీతా ఉబ్బి, అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కాపీ తీసి, కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేసి (అక్షరాల్ని బొమ్మ గీతలుగా మార్చి), బాగా జూమ్ చేసి సన్న గీతని కొలవండి. ప్రెస్సుకి ఇవ్వాల్సిందీ కర్వ్స్ ఫైలే.

ఇటాలిక్ ఫైలు ఇన్‌స్టాల్ కాకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు మామూలు అక్షరాన్నే పక్కకి వంచేస్తాయి. చిన్న ‘ఎ’ చూడండి. అసలు ఇటాలిక్‌లో అది చేతిరాతలోలా ఒకే గుండ్రంతో ఉంటుంది, వంచినదాంట్లో పైన కొక్కెం అలాగే మిగులుతుంది. ‘ఎఫ్’ తోక లైను కిందికి దిగిందా అన్నదీ గుర్తే.

పేర్లన్నీ క్యాపిటల్స్‌లో పెట్టకండి. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అనే ముద్రాపకుడు ఇటాలిక్‌లో పుస్తకం అచ్చేసినప్పుడు చిన్న బడి మాత్రమే వాలుగా ఉంది, క్యాపిటల్స్ నిటారుగానే ఉన్నాయి. ఈ అక్షరాల ఒయ్యారం ఇప్పటికీ చిన్న బడిలోనే పలుకుతుంది. ఫోన్ నంబర్లు నిటారు ఫాంటులో, అన్నీ ఒకే ఎత్తున్న అంకెలతో పెట్టండి, పెద్దవాళ్లు తడుముకోకుండా చదవాలి.

ఇంగ్లిషుకి జోడీగా తెలుగు వైపుని కూడా వంచుదామనిపిస్తుంది, దయచేసి వద్దు. ‘నెల్లూరు’ అని కొట్టి ఐ బటన్ నొక్కి చూడండి. కింది లావత్తు ఎడమకి జరిగి ‘నె’ వైపు పోతుంది, పైనున్న ఎత్వం కుడికి ఒరిగి పక్క అక్షరం మీద పడుతుంది. తెలుగుని నిటారుగానే ఉంచి, ఇంగ్లిషు పక్కన పెట్టినప్పుడు నలుపు సమానంగా కనిపించే వెయిట్ (గీతల లావు) ఎంచుకోండి.

ఇదే డిజైన్‌ని రిసెప్షన్ ఫ్లెక్సీకి పంపేటప్పుడు పేర్లను బోల్డ్‌కి మార్చండి. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకి మీడియంలోని సన్న గీతలు కనిపించవు.